పేస్‌మేకర్ సెట్టింగ్ మార్చాక ఈ దడ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నకు 70 ఏళ్లు. పోయిన వారం చెకప్‌లో పేస్‌మేకర్ సెట్టింగ్ 60 నుంచి 70కి మార్చారు. అప్పట్నుంచి పడుకుంటే దడగా ఉందంటున్నారు. బస్సెక్కితే ఇంకా ఎక్కువ. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా

జవాబు: కంగారు పడకండమ్మా. నాన్నగారి నాడి నిమిషానికి 70 కంటే తగ్గకుండా ఇప్పుడు పేస్‌మేకర్ చూసుకుంటోంది. ఇన్నాళ్లూ 60తో నిద్రపోయిన మనిషికి ఆ తేడా తెలుస్తుంది, ఎడమవైపు తిరిగి పడుకుంటే మరీను. చాలామందికి కొద్దిరోజుల్లో అలవాటవుతుంది. కాకపోతే, రాత్రిపూట మాత్రం వేగం తగ్గించే వీలు చాలా పరికరాల్లో ఉంది, డాక్టరును అడగండి.

బస్సు సంగతి వేరు. చాలా పేస్‌మేకర్లలో కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. మనం నడుస్తుంటే నాడి వేగం పెంచడం దాని పని. సాగర్ రోడ్డు మీద బస్సు కుదుపులను కూడా అది నడకే అనుకోవచ్చు. ఆ సెన్సర్ చురుకుదనాన్ని తగ్గించవచ్చు. మళ్లీ కోత అక్కర్లేదు, బయటి నుంచే ప్రోగ్రామర్ అనే పరికరంతో మారుస్తారు. అందుకే దడ వచ్చిన టైము, అప్పుడు ఏం చేస్తున్నారు, నిమిషం నిండా లెక్కపెట్టిన నాడి ఎంత, ఈ మూడూ కాగితం మీద రాసి తీసుకెళ్లండి. డాక్టరుకు అదే పెద్ద ఆధారం.

కళ్లు తిరగడం, ఆయాసం, ఆగని ఎక్కిళ్లు ఉంటే మాత్రం అదే రోజు చూపించండి. ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి.