కంచంలోని వైవిధ్యం: ఖరగ్‌పూర్ నేర్పే పాఠం

భారతదేశంలో భాషలెన్నో భోజన విధానాలన్ని. ఈ సత్యాన్ని ఒకే వీథిలో చూడగోరేవారికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తగిన స్థలం. 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే రాకతో ఈ ప్రాంతం రూపురేఖలు మారిపోయాయి. జంక్షన్, దాని వెంట రైల్వే కర్మాగారం వెలిశాయి. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుండి తెలుగువారు ఉద్యోగార్థం వచ్చి తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డారు. బెంగాలీలు, ఒడియావారు, హిందీ భాషీయులు, ఇంకా పలు ప్రాంతాలవారు వారికి ఇరుగుపొరుగులైనారు. ఈ ఊరికి ‘మినీ ఇండియా’ అనే పేరు ఊరకే రాలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించడానికి కూడా ఇక్కడి తెలుగు జనాభాయే ప్రధాన కారణం.

రైల్వే కాలనీలో సాయంకాలం వేళ ఒక వంటింటి నుండి ఆవనూనెలో వేగే చేప వాసన వస్తుంది. పక్కింటి నుండి ఇంగువ వేసిన చారు ఘుమఘుమ వస్తుంది. మూడవ ఇంట రొట్టెలు కాలుతుంటాయి. మరమరాలు మాత్రం అందరి ఇండ్లలోనూ ఉంటాయి. మేదినీపూర్ ప్రాంతపు ‘మూడీ’ని తెలుగువారు కూడా తమదిగా చేసుకున్నారు. పొరుగువాని కంచంలో ఏమున్నదని ఇక్కడ ఎవరూ ఆక్షేపించరు. అయితే ఒకే ఇంట, ఒకే కంచం ముందు కూర్చున్న బిడ్డ వేరుగా తింటే ఆ సహనం నిలుస్తుందా? ఆలోచించదగిన ప్రశ్న ఇది.

ఒక ఉదాహరణ

ఇటువంటి ఒక క్వార్టరులో ఎనిమిదేళ్ల బాలుడున్నాడనుకుందాం. అతనికి ఆటిజం ఉన్నది. అతడు తినేవి నాలుగే: పొడి మరమరాలు, తాలింపు లేని పెరుగన్నం, ఒకే కంపెనీ బిస్కెట్లు, అరటిపండు. మరమరాలకు పాలు తగిలి మెత్తబడితే ముట్టడు. పెరుగన్నంలో ఒక్క ఆవగింజ నోటికి తగిలితే ఆ పూట భోజనం ముగిసినట్లే. “మారాం చేస్తున్నాడు, రెండు పూటలు మాడ్చితే దారికి వస్తాడు” అని నాయనమ్మ అంటుంది. “తల్లి గారాబమే దీనికి కారణం” అని చూడవచ్చినవారు అంటారు. తల్లి ఆ మాటలు విని తలవంచుకుంటుంది. ఇటువంటి దృశ్యం ఖరగ్‌పూర్‌లోనే కాదు, దేశంలో ఎక్కడైనా కనిపిస్తుంది. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు, ఉన్నదల్లా తెలియకపోవడమే.

శాస్త్రం చెప్పేది

ఆటిజం, ఏడీహెచ్‌డీ వంటి స్థితులలో మెదడు పనిచేసే తీరు అధిక సంఖ్యాకుల కంటే భిన్నంగా ఉంటుంది. దీనినే నేడు నాడీ వైవిధ్యం అంటున్నారు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని సమగ్రంగా వర్ణించినప్పుడే, వారిలో పలువురికి శైశవం నుండి ఆహారం విషయంలో తీవ్రమైన ఇబ్బంది ఉన్నదని గుర్తించాడు. ఇతర పిల్లలతో పోల్చితే ఆటిజం గల పిల్లలలో ఆహార సమస్యలు సుమారు ఐదు రెట్లు అధికమని 2013లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది.

కారణాలు అనేకం. కొందరికి రుచి, వాసన, స్పర్శ, శబ్దం అతి తీవ్రంగా తెలుస్తాయి. మనకు కమ్మగా తోచే పోపు వాసన వారికి భరింపరానిది కావచ్చు. బిస్కెట్టు ఎప్పుడూ ఒకే రుచితో ఉంటుంది. వంకాయ కూర ఏ రోజుకారోజు మారుతుంది. మార్పును సహించలేని మనసుకు బిస్కెట్టు నమ్మదగిన నేస్తం. కొందరికి ఆకలి, దాహం అనే శరీర సంకేతాలు స్పష్టంగా అందవు. ఏడీహెచ్‌డీకి వాడే కొన్ని మందులు ఆకలిని తగ్గిస్తాయి. సెరిబ్రల్ పాల్సీ గలవారికి నమలడం, మింగడం కండరాల సమస్య. వీటికి తోడు పంటి నొప్పి, మలబద్ధకం, ఛాతీలో మంట వంటి బాధలు ఉండి, బిడ్డ వాటిని చెప్పలేకపోవచ్చు. కనుక తినకపోవడాన్ని మొండితనంగా భావించే ముందు దాని వెనుక ఉన్న కారణాన్ని వెదకడం మన కర్తవ్యం.

కొన్ని ఆహారాలకే పరిమితమై పోషణ దెబ్బతినే స్థితిని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఒక ప్రత్యేక రుగ్మతగా వర్గీకరించింది. ఇది బరువు తగ్గాలనే కోరికతో చేసే ఉపవాసం కాదు.

బలవంతం ఏల పనికిరాదు?

బలవంతంగా ముద్ద కుక్కితే ఆ పూటకు కడుపు నిండవచ్చు. కాని భోజనమంటేనే భయం పుడుతుంది. భయం ఆకలిని చంపుతుంది. ఇష్టమైన పెరుగన్నంలో కూర దాచిపెట్టి తినిపిస్తే, పసిగట్టిన మరుక్షణం ఆ పెరుగన్నాన్ని కూడా మానివేయవచ్చు. అప్పుడు నాలుగు ఆహారాలు మూడవుతాయి. “ఆకలేస్తే వాడే తింటాడు” అన్న మాట చాలామంది పిల్లల విషయంలో నిజమే. ఆకలి సంకేతమే అందని బిడ్డ విషయంలో మాత్రం అది ప్రమాదకరం.

అట్లని ఊరక ఉండడమూ తగదు. 2019లో ఇంగ్లండులోని బ్రిస్టల్ వైద్యులు ఒక ఉదంతాన్ని ప్రకటించారు. ఎత్తు, బరువు సాధారణంగానే ఉన్న ఒక యువకుడు ఏండ్ల తరబడి వేపుడు బంగాళాదుంపలు, చిప్స్, తెల్ల బ్రెడ్డు వంటి కొన్నింటితోనే గడిపి, పోషకాల లోపం వల్ల చూపును చాలావరకు కోల్పోయాడు. బిడ్డ సన్నబడలేదు గదా అని నిశ్చింతగా ఉండరాదని ఈ ఉదంతం హెచ్చరిస్తున్నది.

ఇంట్లో చేయదగినవి

మొదటిది, బిడ్డ నమ్మిన ఆహారం ప్రతి పూటా కంచంలో ఉండాలి. కొత్త పదార్థాన్ని వేరొక చిన్న గిన్నెలో, తాకకుండా పెట్టాలి. తినమని ఒత్తిడి చేయరాదు. చూడడం, వాసన చూడడం, వేలితో తాకడం, ఇవన్నీ ముందడుగులే. సాధారణ పిల్లలకే ఒక కొత్త రుచి అలవాటు కావడానికి పది, పదిహేను సార్లు పట్టవచ్చు. ఈ పిల్లలకు ఇంకా ఎక్కువ ఓర్పు కావాలి.

రెండవది, తెలిసిన దాని నుండి తెలియని దానికి చిన్న అడుగులతో సాగాలి. పొడి మరమరాలు తినే పై బాలునికి ముందుగా వేయించిన పలుచని అటుకులు, తరువాత కరకరలాడే అప్పడం, ఆ పిమ్మట పలుచగా కాల్చిన దోసె అంచు చూపవచ్చు. కరకరలాడే గుణం మారకుండా పదార్థం మాత్రమే మారుతుంది. అదే దోసె పిండిలో పెసరపప్పు చేరితే మాంసకృత్తులు కూడా చేరినట్లే. ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం గట్టి గింజలు, వేరుసెనగలు గొంతుకు అడ్డుపడే ప్రమాదమున్నందున వాటిని ఇవ్వరాదు.

మూడవది, వేళ. తండ్రికి ఒక వారం పగటి డ్యూటీ, మరొక వారం రాత్రి డ్యూటీ అయినా, బిడ్డ భోజన సమయం మారకూడదు. రైల్వే ఊరిలో టైమ్‌టేబుల్ విలువ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆనాటి భోజనాల బొమ్మలను వరుసగా గోడకు అంటిస్తే, రాబోయేది ఏమిటో బిడ్డకు ముందే తెలుస్తుంది.

బడి, పండుగ, హాస్టల్

మధ్యాహ్న భోజన వేళ బడి వరండా పళ్లాల చప్పుడుతో, కేకలతో నిండి ఉంటుంది. అటువంటి బిడ్డను రద్దీకి ముందుగానే ఒక పక్కన కూర్చోబెట్టడం, అన్నం మీద పప్పు పోయకుండా వేరుగా ఇవ్వడం, ఇంటి డబ్బాను అనుమతించడం ఖర్చు లేని సహాయాలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజంతో సహా 21 వైకల్యాలను గుర్తించింది. బిడ్డ అవసరానికి తగిన సౌకర్యాలు కల్పించడం విద్యాసంస్థల బాధ్యతగా పేర్కొన్నది.

దుర్గాపూజ మండపంలో భోగ్ ప్రసాదాన్ని బిడ్డ నిరాకరిస్తే అది అపచారం కాదు. బతాసా వంటి పొడి ప్రసాదాన్ని చేతికిచ్చి ఊరుకోవచ్చు. పెండ్లి విందుకు ముందే ఇంట తినిపించి తీసుకుపోవచ్చు. ఈ బాల్యం పెరిగి కళాశాలకు కూడా వస్తుంది. హాస్టల్ మెస్సులోని వాసనలకు, రద్దీకి తాళలేక భోజనం మానేసే విద్యార్థి ఉండవచ్చు. చదువులో పడి తినడమే మరచే విద్యార్థి ఉండవచ్చు. అతని కంచంపై వ్యాఖ్యలు చేయకుండా, భోజన వేళ గుర్తుచేసి తోడు వెళ్లే మిత్రుడు అతనికి ఎంతో మేలు చేసినవాడు.

వైద్య సహాయం ఎప్పుడు?

బరువు తగ్గుతున్నా, ఎదుగుదల ఆగినా, తినేటప్పుడు దగ్గు, ఉక్కిరిబిక్కిరి కలుగుతున్నా, మట్టి, సుద్ద వంటివి తింటున్నా, చిగుళ్ల నుండి రక్తం వచ్చినా, ఉన్న కొద్ది ఆహారాలూ ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నా ఆలస్యం చేయరాదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏండ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఖరగ్‌పూర్‌కు సమీపంలోనే మేదినీపూర్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. 1984లో సికింద్రాబాదులో నెలకొల్పిన జాతీయ సంస్థ నేడు మేధో దివ్యాంగజనుల సాధికారత సంస్థగా సేవలందిస్తున్నది. దాని ప్రాంతీయ కేంద్రం కోల్‌కతాలో ఉన్నది. మింగడం, నమలడం కష్టమైన పిల్లల విషయంలో స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టుల సలహా అవసరం. గోధుమలు, పాలు మాన్పిస్తే ఆటిజం నయమవుతుందనే ప్రచారానికి గట్టి శాస్త్రీయ ఆధారం లేదు. అసలే కొద్దిగా తినే బిడ్డకు అది కీడు చేయవచ్చు.

ముగింపు

ఆవనూనె గిట్టనివాడు ఆవనూనె వండే పొరుగువానితో శతాబ్దానికి పైగా సఖ్యంగా మెలగిన పట్టణం ఖరగ్‌పూర్. “అతని భోజనం అతనిది” అని అంగీకరించడమే ఆ సఖ్యతకు మూలం. అదే అంగీకారం ఇంటి లోపలి బిడ్డకు కూడా దక్కాలి. ఏమి వండాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలో బిడ్డ నిర్ణయించాలి. పోషణ చాలుతున్నదో లేదో వైద్యుడు చూడాలి. ఎవరి బాధ్యత వారు నెరవేర్చిన నాడు ఆ తల్లి తలవంచుకోనక్కరలేదు, ఆ బిడ్డ కంచాన్ని చూసి బెదరనక్కరలేదు.