గణిత పరీక్షకు పునశ్చరణ: మన ఊరి లెక్కలతో

పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చి నెలలో వచ్చును. అనంతపురము మెట్టప్రాంతమున ఆ నెల చదువునకు అంత అనుకూలమైనది కాదు. వేరుసెనగ నూర్పిళ్లు ముగిసి చాల దినములైయుండును. చెరువులలో నీరు అడుగంటియుండును. పని వెదకుకొనుచు తల్లిదండ్రులు బెంగుళూరు దారి పట్టిన ఇండ్లలో పిల్లలు అవ్వతాతల వద్దనే ఉండి చదువుకొనుచుందురు. నీళ్లు తెచ్చుట, పశువులను చూచుట, చిన్నవారిని బడికి పంపుట, ఇవన్నియు తీరిన పిమ్మట మిగిలిన గంటయో రెండు గంటలో పుస్తకమునకు దక్కును. ఇట్టి విద్యార్థి ఏ పాఠములను ముందుగా తిరిగి చూడవలెను, ఎట్లు చూడవలెను అనునదే మేము ఇక్కడ చెప్పదలచినది. లెక్కలలో తప్పి బడి మానినవారిని, ఆ ఏడే పెండ్లి కుదిరిన ఆడపిల్లలను మేము గ్రామములలో చూచియున్నాము. అందుచేత దీనిని చిన్న విషయముగా ఎంచుటలేదు.

మొదట పత్రము స్వరూపమును తెలిసికొనవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 విద్యాసంవత్సరము నుండి పదవ తరగతిలో ఎన్.సి.ఇ.ఆర్.టి. గణితమును బోధించుచున్నారు. అందు 14 అధ్యాయములున్నవి. ఇటీవలి పత్రములలో ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5, మొత్తము 33 ప్రశ్నలు, 100 మార్కులు. ఉత్తీర్ణతకు 35 కావలెను. చిన్న ప్రశ్నలు రెండు రకములును కలిసి 28 మార్కులగును. వానికి తోడు నాలుగు మార్కుల లెక్కలు రెండు సరిగా చేసినచో 36. పెద్ద లెక్కలకు భయపడి పుస్తకమునే మూసివేయు విద్యార్థి ఈ కూడికను ఒకసారి చేసి చూచుకొనవలెను. పత్రము తీరు మారుటయు కలదు గనుక, ఆ యేటి నమూనా పత్రమును ఉపాధ్యాయుని అడిగి తీసికొనుట మంచిది.

పునశ్చరణ అనగా చేసియున్న లెక్కను కన్నులతో చదువుట అని పలువురు తలచుచున్నారు. చదువునప్పుడు ప్రతి మెట్టును తెలిసినట్లే తోచును. పుస్తకము మూసి కాగితముపై చేయబోయినప్పుడు రెండవ మెట్టు వద్దనే కలము నిలిచిపోవును. అట్లు నిలిచిన చోటు ఏదియో అదియే నేర్వవలసినది. మా అభిప్రాయమున పది లెక్కలు చదువుట కంటె ఒక లెక్కను పుస్తకము చూడక చేయుట మేలు.

ఇక అంకశ్రేఢిని తీసికొందము. ఒక గ్రామమున మాకు ఒక రైతు తన బోరుబావి సంగతి చెప్పెను. అంకెలను లెక్కకు వీలుగా సవరించి చెప్పుచున్నాము. మొదటి నూరడుగులకు 10,000 రూపాయలు, అటుపై ప్రతి నూరడుగులకు 2,000 చొప్పున ఎక్కువ. అతడు ఎనిమిది నూర్లకు 80,000 అని తలచి అంతకే అప్పు మాట్లాడెను. పదవ తరగతి చదువుచున్న కుమార్తె ఆ మాట విని, "నాయనా, నూరు నూరుకూ రేటు పెరుగుతాది గదా, ఎనబై వేలు ఎట్ల సాలుతాది?" అని అడిగినదట.

ఆమె అడిగినది అంకశ్రేఢి మొత్తమే. మొదటి పదము 10,000, పదాంతరము 2,000, పదములు 8. మొత్తము కట్టుటకు మొదటి పదమును రెండింతలు చేసి, పదముల సంఖ్యలో ఒకటి తగ్గించి పదాంతరముతో గుణించి, ఆ రెండింటిని కూడి, పదముల సంఖ్యలో సగముతో గుణింపవలెను. 20,000 + 7 × 2,000 = 34,000. దీనిని 4తో గుణింప 1,36,000. రైతు తలచినదానికిని దీనికిని 56,000 తేడా! ఇక్కడ 7కు బదులు 8 వేయుట విద్యార్థులు చేయు సామాన్యమైన తప్పు. అప్పుడు 1,44,000 వచ్చును. ఎనిమిది పదముల నడుమ ఉండు పెంపులు ఏడే అని ఎనిమిది గులకరాళ్లు వరుసగా పెట్టి నడుమ ఖాళీలను లెక్కించినచో తెలియును.

ఈ లెక్కలోనే ఇంకొకటి కలదు. అయిదు నూర్ల అడుగుల వరకు అయిన ఖర్చు 70,000. తరువాతి మూడు నూర్లకు 22,000 తక్కువయు కాదు, ఎక్కువయు కాదు అనుకొనరాదు. అవి వరుసగా 20,000, 22,000, 24,000, వెరసి 66,000. అనగా అయిదు నూర్ల వద్ద నీరు పడనప్పుడు యంత్రమును ఆపుటయా, సాగించుటయా అను ప్రశ్న 66,000 రూపాయల ప్రశ్న. అది పరీక్షలో అడుగరు. ఇంటిలో అడుగుదురు.

క్షేత్రమితిలో సూత్రములు మరచుట కంటె వ్యాసమును వ్యాసార్ధముగా తీసికొనుటయే ఎక్కువ చేటు చేయుచున్నది. ఇంటి ముందు కట్టిన గుండ్రని తొట్టి వ్యాసము 1.4 మీటర్లు, ఎత్తు 1 మీటరు అనుకొందము. వ్యాసార్ధము 0.7. ఘనపరిమాణము 22/7 × 0.7 × 0.7 × 1 = 1.54 ఘనపు మీటర్లు, అనగా 1,540 లీటర్లు. వ్యాసమునే వేసినచో 6,160 లీటర్లు వచ్చును, సరిగా నాలుగింతలు. తొట్టిని కంటితో చూచినవారికి అన్ని నీళ్లు అందులో పట్టవని తెలియును. జవాబు వచ్చిన పిమ్మట వస్తువును ఒకసారి మనసున నిలుపుకొనుట ఇందుకే. అదే ఇంటి కప్పు 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్నదనుడు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు. కప్పుమీది నీరంతయు తొట్టిలోనికే మళ్లించినచో తొట్టి నిండుటకు 1,540 ÷ 40 = 38.5 మిల్లీమీటర్ల వాన చాలును.

సరూప త్రిభుజములు, త్రికోణమితి పేర్లకే భయపడువారు గుత్తిని తలచుకొనవచ్చును. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సమీపమున మొదలుపెట్టిన సర్వే పిమ్మట మహా త్రికోణమితి సర్వే అని పేరుపొందినది. అందులో భాగముగా 1811లో గుత్తి వద్ద నేలపై ఒక ఆధారరేఖను గొలుసుతో కొలిచిరి. దేశమంతయు గొలుసుతో కొలుచుట సాధ్యము కాదు. ఒక భుజమును కొలిచి, గుట్టలపై నుండి కోణములను చూచినచో తక్కిన భుజములు లెక్కతోనే వచ్చును. ఆ భుజముపై మరియొక త్రిభుజము, దానిపై వేరొకటి. వచ్చిన లెక్క సరియా కాదా అని తేల్చుకొనుటకు నడుమ నడుమ మరల ఒక రేఖను కొలుచుచుండిరి.

మన ఊరి నీళ్ల ట్యాంకుకు గొలుసైనను అక్కరలేదు. చదునైన చోట మీటరు కర్రను నిట్టనిలువుగా పాతి నీడను కొలువుడు, 0.8 మీటరు అనుకొందము. అదే సమయమున ట్యాంకు నీడ 12 మీటర్లున్నచో ఎత్తు 12 ÷ 0.8 = 15 మీటర్లు. ఎండ రెండింటిపై ఒకే కోణమున పడుటచేత త్రిభుజములు సరూపములైనవి. ఆ కారణమును జవాబులో వ్రాయవలెను. మధ్య మెట్లకు మార్కులున్నవి. ఎత్తును నీడచే భాగింప వచ్చు 1.25 ఎండ కోణమునకు 'టాన్' విలువ. ఇంతకు మించిన రహస్యము అందులేదు.

సాంఖ్యక శాస్త్రము తక్కువ శ్రమతో మార్కులిచ్చు పాఠము. అనంతపురమునకు సాలీనా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లని చెప్పుదురు. సగటు అనగానేమో ఈ నేలవారికి బోధపడినంతగా మరెవరికి బోధపడును? ఉదాహరణకు అయిదేండ్ల వాన 300, 350, 400, 450, 1,000 అనుకొందము. అంకమధ్యమము 500, మధ్యగతము 400. అయిదింట నాలుగేండ్లు సగటునకు లోటే. ఒక్క ఏటి ముంపు సగటును పైకి లాగినది. తరగతులుగా ఇచ్చినప్పుడు మాత్రము తరగతి హద్దును కాక మధ్యవిలువను తీసికొనవలెను.

మిగిలినవానిని గూర్చి క్లుప్తముగా చెప్పుదుము. రేఖీయ సమీకరణముల జతలో వచ్చిన విలువలను రెండు సమీకరణములందును ప్రతిక్షేపించి చూడవలెను. వర్గ సమీకరణమున ఋణ గుర్తు జారిపోకుండ విచక్షణిని విడిగా కట్టుడు. సంభావ్యత ఒకటికి మించి వచ్చినచో లెక్క తప్పినదే.

పుస్తకము మూసి చేయుటకు మూడు లెక్కలు: మొదటి నూరడుగులకు 9,000, పిదప ప్రతి నూరడుగులకు 1,500 చొప్పున హెచ్చు, ఆరు నూర్లకు ఎంత? వ్యాసము 2.8 మీటర్లు, ఎత్తు 1.5 మీటర్లు గల తొట్టిని 60 చదరపు మీటర్ల కప్పు నింపుటకు ఎంత వాన కావలెను? 30 మీటర్ల దూరమునుండి ట్యాంకు కొన 30 డిగ్రీల ఊర్ధ్వకోణమున కనబడినచో దాని ఎత్తెంత? జవాబులు: 76,500 రూపాయలు, 154 మిల్లీమీటర్లు, సుమారు 17.3 మీటర్లు.