కొవ్వు పట్టిన లివరు, కనిపించని మంట

“మందు వాసన కూడా ఎరుగను డాక్టరమ్మా, నా లివరు ఎందుకు చెడుతుంది?”

స్కానింగు కాగితం చేత్తో పట్టుకొని ఈ మాట అడిగేవారు మా ఓ.పి.లో తరచుగా కనిపిస్తారు. ఆ రోజు అడిగినామెకు 52 ఏళ్ళు. పదేళ్ళుగా షుగరు ఉంది. కడుపునొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్ళున్నాయేమోనని స్కానింగు తీయించుకున్నారు. రాళ్ళు లేవు గాని, కాగితం చివర ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని ఉంది. ఆ కాగితాన్ని రెండు నెలలు బీరువాలో బట్టల కింద దాచారట. లివరు జబ్బంటే తాగుడే అని ఇంట్లోవాళ్ళూ, తెలిసినవాళ్ళూ అనుకుంటారని భయం.

ఈ అనుమానం ఒకప్పుడు వైద్యులకూ ఉండేది. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యూర్గెన్ లుడ్విగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 20 మంది రోగుల లివరు ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసి ఒక వ్యాసం రాశారు. ఆ లివర్లు తాగుబోతుల లివర్ల లాగే ఉన్నాయి. కాని వీరు తాగేవారు కారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, చాలామంది బరువు ఎక్కువగా ఉన్నవారు, కొందరు షుగరు ఉన్నవారు. ‘నేను తాగను’ అన్న రోగి మాట నిజమేనని అలా తేలింది. ఆ జబ్బుకు అప్పుడు పెట్టిన పేరు ‘నాష్’. 2023లో దానిని ‘మాష్’ అని మార్చారు. మీ కాగితం మీద ఏ పేరున్నా జబ్బు ఒకటే.

కొవ్వు వేరు, మంట వేరు

లివరులోని కణాలలో నూటికి ఐదు కంటే ఎక్కువ వాటిలో కొవ్వు చేరితే ఫ్యాటీ లివరు అంటారు. చాలామందిలో ఆ కొవ్వు ఏళ్ళ తరబడి గొడవ చేయకుండా ఉండిపోతుంది. సుమారుగా నలుగురైదుగురిలో ఒకరికి మాత్రం దానికి ఇన్‌ఫ్లమేషన్ తోడవుతుంది. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది.

ఈ ఇన్‌ఫ్లమేషన్‌ను తెలుగులో వాపు అంటాం, మంట అంటాం. రెండు మాటలతోనూ చిక్కే. మంట అనగానే ఛాతీలో గ్యాసు మంట అనుకొని యాంటాసిడ్ తాగేవారున్నారు. ఈ మంట చురుక్కుమనదు. కళ్ళు పచ్చబడవు, అన్నం సహించకపోవడమూ ఉండదు. “కామెర్లు రాలేదు కదా, లివరుకేం?” అనుకుంటూ పది పదిహేనేళ్ళు గడచిపోతాయి.

లోపల జరిగేది ఇది. ధాన్యం గాదె నిండిపోయినా ఇంకా పోస్తూనే ఉంటే గోడలు బీటలిస్తాయి కదా. కొవ్వు మితిమీరిన కణం కూడా బుడగలా ఉబ్బి దెబ్బతింటుంది. దెబ్బతిన్న కణం నుండి కొన్ని రసాయనాలు బయటికి వస్తాయి. లివరులో కుప్ఫర్ కణాలు అనే కావలివాళ్ళు ఉంటారు. పేగుల నుండి రక్తంలో వచ్చే సూక్ష్మక్రిములను పట్టుకోవడం వారి పని. ఆ రసాయనాలు తగలగానే శత్రువు వచ్చాడనుకొని వారు రక్తంలోని తెల్లకణాలను పిలుస్తారు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా ఇటువంటి సంకేతాలనే పంపుతుంది. శత్రువు లేని యుద్ధం, దెబ్బ మాత్రం మన కణాలకే.

ఇక గాయాన్ని పూడ్చడానికి మరో రకం కణాలు దిగుతాయి. మామూలు రోజుల్లో ఇవి విటమిన్ ఎ దాచుకొని కదలకుండా ఉండేవే. మంట చూడగానే స్వభావం మార్చుకొని పీచులాంటి పదార్థం అల్లుతాయి. చర్మం గీరుకుపోతే మచ్చ కట్టినట్టే ఇదీ. ఒకసారి గీరుకుంటే మానిపోతుంది, రోజూ అదేచోట గీరుకుంటే మచ్చ గట్టిపడుతుంది. లివరంతా అలా గట్టిపడితే దానినే సిర్రోసిస్ అంటారు.

మంట ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క చెబుతుంది. రెండుసార్లు బయాప్సీ చేయించుకున్న రోగుల వివరాలను అనేక పరిశోధనల నుండి జతపరచి 2015లో ప్రచురించారు. మచ్చ ఇంకా మొదలుకాని వారిలో, కొవ్వు మాత్రమే ఉన్నప్పుడు మచ్చ ఒక మెట్టు పెరగడానికి సగటున 14 ఏళ్ళు పట్టింది. మంట కూడా ఉన్నప్పుడు 7 ఏళ్ళే పట్టింది.

గ్రేడ్ చూసి మోసపోవద్దు

స్కానింగులో గ్రేడ్ 1, 2, 3 అని రాసేది కొవ్వు ఎంత తెల్లగా కనబడుతుందో చూసి. మంట ఉందా, మచ్చ ఎంత పడింది అన్నది ఆ గ్రేడ్ చెప్పదు. గ్రేడ్ 3 ఉన్నవారి లివరు మెత్తగా ఉండవచ్చు, గ్రేడ్ 1 ఉన్నవారిది గట్టిపడి ఉండవచ్చు. సిర్రోసిస్ ముదిరినప్పుడు కొవ్వు తగ్గిపోవడమూ ఉంది. కొత్త స్కానింగులో గ్రేడ్ తగ్గిందని పండుగ చేసుకోబోయేవారికి ఇది చెప్పడం మాకు కష్టంగానే ఉంటుంది.

రక్తపరీక్ష కూడా ఒక్కొక్కసారి మభ్యపెడుతుంది. మనం చెప్పుకుంటున్నామె ఎస్.జి.పి.టి. 36. ల్యాబువారు 40 లోపు మామూలే అని రాశారు. ఎస్.జి.ఓ.టి. 48, కొంచెం ఎక్కువ. ప్లేట్‌లెట్లు 1,60,000, అంటే అదీ మామూలే. విడివిడిగా చూస్తే భయపడేది ఏదీ లేదు. అయితే వయసునూ ఈ మూడు అంకెలనూ కలిపి కట్టే ‘ఫిబ్-4’ అనే లెక్క ఒకటుంది. వయసును ఎస్.జి.ఓ.టి.తో గుణించి, దానిని వేలలో చెప్పిన ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ, ఎస్.జి.పి.టి. వర్గమూలంతోనూ భాగించాలి. ఆమెకు 2.6 వచ్చింది. 1.3 లోపు వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. 65 ఏళ్ళు దాటినవారికి 2 వరకు ఫరవాలేదు. అంతకు మించితే లివరు గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. దానికి సూది అక్కరలేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆమెకు చేయిస్తే మచ్చ పడిందని తేలింది. సిర్రోసిస్ మాత్రం ఇంకా రాలేదు.

షుగరు ఉన్నవారు ఎస్.జి.పి.టి. మామూలుగా ఉన్నా ఈ లెక్క వేయించుకోవాలని మా సలహా. సన్నగా ఉన్నవారికి ఈ జబ్బు రాదనుకోవద్దు. మన దేశస్థులలో నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్తపడాలి. హైదరాబాదులో 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన పరిశోధనలో 84 శాతం మందికి లివరులో కొవ్వు ఎక్కువగా ఉంది. వారిలో ఎక్కువమంది కుర్చీలో కూర్చొని పనిచేసే యువకులే.

ఏది మంటను తగ్గిస్తుంది?

ఆమె మొదట అడిగింది నూనె మానేయాలా అని. వేపుళ్ళు తగ్గించడం మంచిదే, కాని అసలు దోషం నూనె ఒక్కదానిది కాదు. 2005లో అమెరికాలో ఈ జబ్బున్న తొమ్మిది మందిలో లివరు కొవ్వు ఎక్కడి నుండి వచ్చిందో లెక్కతేల్చారు. తిన్న కొవ్వు నుండి నేరుగా వచ్చింది 15 శాతమే. దాదాపు 60 శాతం శరీరంలోని కొవ్వు నిల్వల నుండి రక్తంలోకి వచ్చినది. మరో 26 శాతం తీపి, పిండి పదార్థాల నుండి లివరే తయారుచేసుకున్నది. కాబట్టి చేయవలసినవి రెండు: నిల్వలు తరగాలి, తీపి, తెల్లన్నం తగ్గాలి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు పూర్తిగా మానాలి. రోజుకు నాలుగైదు టీలు తాగేవారికి వాటిలోని పంచదారే ఒక పెద్ద లెక్క. అన్నం సగం చేసి కూర, పప్పు, గుడ్డు, చేప పెంచితే ఆకలి బాధ ఉండదు.

బరువు ఎంత తగ్గాలన్నదానికి 2015లో క్యూబా వైద్యులు చెప్పిన జవాబుంది. 293 మంది రోగులు ఏడాదిపాటు ఆహారం, వ్యాయామం పాటించారు. మందులు వాడలేదు. బరువులో 10 శాతం తగ్గినవారిలో 90 శాతం మందికి మంట పోయింది, 45 శాతం మందికి మచ్చ కూడా వెనక్కి తగ్గింది. అందరూ అంత తగ్గలేరు. 7 శాతం తగ్గినా మంట మీద ప్రభావం ఉంటుంది. 70 కిలోల మనిషికి అది ఐదు కిలోలు. వారానికి అరకిలో, కిలో చొప్పున తగ్గాలి. తిండి మానేసి ఒక్కసారిగా తగ్గితే లివరుకే కీడు.

ఆమె పదకొండు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. మధ్యలో కోడలి సీమంతం వచ్చి రెండు కిలోలు తిరిగి పెరిగారు, మళ్ళీ తగ్గారు. ఫైబ్రోస్కాన్‌లో గట్టిదనం కొంత తగ్గింది. ఇప్పుడు సాయంత్రం నడకకు ఆడపడుచును కూడా వెంటబెట్టుకొని వెళుతున్నారు.

మందుల షాపులో దొరికే లివర్ టానిక్కులకు పెట్టే డబ్బు గుడ్లకూ కూరగాయలకూ పెట్టండి. విటమిన్ ఇ కొందరికి మేలు చేస్తుంది గాని, ఎవరికన్నది వైద్యుడే చెప్పాలి. అమెరికాలో ఈ జబ్బుకు 2024లో ఒక మాత్రను, 2025లో ఒక ఇంజెక్షన్‌ను ఆమోదించారు. అవి మచ్చ పడినవారికే, అందరికీ కాదు. కొలెస్టరాల్ మాత్రలు లివరును పాడుచేస్తాయని ఎవరో చెబితే మానేసినవారు దయచేసి మమ్మల్ని కలవండి. ఫ్యాటీ లివరు ఉన్నవారిని ఎక్కువగా బలిగొనేది గుండెజబ్బే, ఆ మాత్రలు దానినుండే కాపాడతాయి.

పసర్ల సంగతి కూడా చెప్పాలి. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని చాలామంది తిప్పతీగ కషాయం తాగారు. అలా తాగి లివరు దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబయి వైద్యులు 2021లో రాశారు. ఇప్పటికే మంట ఉన్న లివరు మీద ఇటువంటి ప్రయోగాలు చేయవద్దు. మద్యం సంగతి చెప్పనక్కరలేదు, ‘కొంచెమే’ అన్నదీ వద్దు.

మీ ఇంట్లోనూ బీరువాలో అలాంటి స్కానింగు కాగితం ఉంటే బయటికి తీయండి. దానితోపాటు ఆరు నెలల లోపు చేయించిన ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి., ప్లేట్‌లెట్ల రిపోర్టులు, మీరు వాడుతున్న మాత్రలన్నీ, పసర్లతో సహా, సంచిలో వేసుకొని రండి. లెక్క మేమే కట్టి చెబుతాము.