జేబులో సీసం: సొంత డైవింగ్ జాకెట్ కొనే ముందు

దుబాయి, మస్కటు, ఫుజైరా పేర్లు వినని ఇల్లు కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లలో కనబడదు. మల్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల నుంచి పోయిన మనోళ్లలో ఎక్కువమంది కట్టడం పనుల్లోనో, క్లీనింగ్ కంపెనీల్లోనో, డ్రైవర్లుగానో కుదురుకుంటారు. అక్కడి సముద్రం ఒడ్డున ఇంకో బతుకుదెరువు కూడా ఉంది. టూరిస్టులను నీళ్ల అడుగుకు తీసుకుపోయే డైవ్ సెంటర్లలో బోటు హెల్పరుగానో, ట్యాంకులు నింపే మనిషిగానో చేరి, ఒక్కో కోర్సూ చేసుకుంటూ, డైవర్లను వెంట నడిపించే డైవ్‌మాస్టర్ దాకా ఎదగవచ్చు. డైవింగ్ శిక్షణకు సర్టిఫికెట్లు ఇచ్చే పాడీ సంస్థ నియమాల ప్రకారం అందుకు 18 ఏళ్లు నిండాలి. కోర్సు మొదలయ్యేనాటికి లాగ్‌బుక్కులో 40 డైవులు, సర్టిఫికెట్ చేతికొచ్చేనాటికి 60 డైవులు ఉండాలి.

ఏజెంట్ల మాట వినేముందు ఒక సంగతి తెలుసుకోండి. ఓడల అడుగున వెల్డింగు, పైపులైన్ల పని చేసే కమర్షియల్ డైవర్ల కోర్సులూ సామానూ పూర్తిగా వేరు. వాళ్లలో చాలామందికి గాలి పైనున్న బోటు నుంచి గొట్టంలో వస్తుంది. పాడీ కార్డు ఉంటే చాలు, ఆ పనిలో పెట్టిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. నేను చెప్పేది టూరిస్టు డైవింగ్ పని గురించి.

ఆ పనిలో నిలదొక్కుకున్నవాళ్లు కొన్నాళ్లకు అద్దె సామాను వదిలి సొంతది కొంటారు. మాస్కు, ఫిన్లు, డైవ్ కంప్యూటర్ అయ్యాక వచ్చే పెద్ద ఖర్చు బీసీడీ. ట్యాంకును వీపున మోస్తూ, గాలి నింపితే పైకి తేల్చి, వదిలితే కిందికి దించే జాకెట్ ఇది. మన ఒళ్లూ, రబ్బరు నురుగుతో చేసిన వెట్‌సూటూ నీళ్లలో తేలతాయి కాబట్టి మునగడానికి సీసం కట్టుకోవాలి. వెనకటికి ఆ సీసం నడుముకు బెల్టుగా ఉండేది. ఇప్పుడు షాపుల్లో దొరికే జాకెట్లలో చాలావాటికి సీసం పెట్టుకునే జేబులు కూడా ఉంటున్నాయి. రోజూ నీళ్లలో దిగేవాళ్లకు ఇది మేలే. బెల్టు తుంటిమీద ఒరుసుకోదు, కిందికి జారదు, నడుం నొప్పి కొంత తగ్గుతుంది.

షాపువాళ్లు జేబులో ఎన్ని కిలోలు పడతాయో చెబుతారు. మీరు మాత్రం ఆ జేబు ఎట్లా ఊడుతుందో చూసి కొనండి. డైవింగ్ ప్రమాదాల నివేదికల్లో మళ్లీ మళ్లీ కనబడే సంగతి ఒకటుంది. చనిపోయినవాళ్లలో చాలామంది ఒంటిమీద సీసం అట్లనే ఉంటుంది. నీళ్లపైకి వచ్చి కూడా తేలలేక మళ్లీ మునిగినవాళ్లూ అందులో ఉన్నారు. ఊపిరాడని మనిషికి బకిల్ వెతుక్కునే తీరిక ఉండదు. అందుకని షాపులోనే జేబుల్లో నిజమైన సీసం వేయించి, జాకెట్ తొడుక్కుని, పట్టీలు బిగించండి. కళ్లు మూసుకుని ఒక్క చేత్తో, ఒక్క గుంజుడుతో జేబు బయటికి రావాలి. తర్వాత రెండో చేత్తోనూ అట్లనే చేయండి. వేరొకరు ఎదురుగా నిలబడి మీ జేబు లాగగలగాలి, ఎందుకంటే మిమ్మల్ని కాపాడే మనిషికి మీ జాకెట్ కొత్త. జేబు లాగే పిడి రంగు దూరానికి కనబడకపోతే ఆ మోడల్ పక్కన పెట్టండి.

జేబు అనుకోకుండా ఊడినా అంతే ప్రమాదం. పాత జాకెట్లలో కొన్నింటికి వెల్క్రో ఒక్కటే ఆధారం. ఉప్పూ ఇసుకా పట్టి అది పట్టు వదులుతుంది. నేను పనిచేసిన బోటు మీద ఒక టూరిస్టుకు దిగిన కాసేపటికే కుడి జేబు జారిపోయింది. ఒకవైపు మూడు కిలోలు పోయేసరికి ఆయన పక్కకు ఒరిగి పైకి లేచిపోతుంటే, గైడు పట్టుకుని ఆపాడు. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు ఉంటుంది. అక్కడ ఊపిరి బిగబట్టి పైకి తన్నుకొస్తే ఛాతీలోని గాలి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిరగవచ్చు. కాబట్టి క్లిక్‌మని పడే బకిల్ గానీ, గట్టి ప్లాస్టిక్ లాక్ గానీ ఉన్నది తీసుకోండి. జీగిల్ వంటి కంపెనీలు ఒక తాడు లాగితే సీసం రాలిపడే పద్ధతి పెట్టాయి. అది కూడా మంచిదే, కాకపోతే తిరిగి సర్దుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. రోజుకు రెండు మూడుసార్లు సీసం తీసి పెట్టే బోటు పనివాళ్లకు క్లిక్ జేబులే సుఖం.

సీసం ఎంత వేసుకోవాలన్నది ఏ నీళ్లలో పని చేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. దుబాయిలో 2021లో తెరిచిన డీప్ డైవ్ దుబాయి కొలను 60 మీటర్ల లోతు, అందులో ఉన్నవి కోటీ 40 లక్షల లీటర్ల మంచినీళ్లు. అక్కడి నుంచి ఫుజైరా సముద్రానికి వస్తే ఉప్పు నీటి సాంద్రత మిమ్మల్ని ఇంకా పైకి నెడుతుంది. ఒళ్లూ సామానూ కలిపి వంద కిలోల మనిషికి తేడా రెండున్నర నుంచి మూడు కిలోలు వస్తుంది. అంటే ఒకచోట రాసుకున్న లెక్క ఇంకోచోట చెల్లదు. ట్యాంకు కూడా డైవు సాగేకొద్దీ తేలికవుతుంది. డైవ్ సెంటర్లలో ఎక్కువగా వాడే అల్యూమినియం ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నీళ్లలో మునుగుతుంది, ఖాళీ అయ్యేసరికి దాదాపు రెండు కిలోల మేర పైకి తేలుతుంది.

అందుకే సీసం సరిచూసుకోవడం డైవు చివర్లో, ట్యాంకులో గాలి ఒత్తిడి 50 బార్లు మిగిలినప్పుడు చేయాలి. జాకెట్లో గాలంతా వదిలి, మామూలు ఊపిరి తీసుకుని కదలకుండా నిలబడితే నీళ్లు కంటి మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అంతకన్నా ఒక్క కిలో కూడా ఎక్కువ వద్దు. కొత్తవాళ్లు భయంతో ఎక్కువ సీసం వేసుకుంటారు, దాన్ని మోయడానికి జాకెట్లో ఎక్కువ గాలి నింపుతారు. ఆ గాలి పైకి వస్తున్నకొద్దీ వ్యాకోచిస్తుంది, తేలుడు చేతిలో ఉండదు.

ఈ లెక్క తేలాకే జాకెట్ సైజూ జేబుల సైజూ చూడండి. వెచ్చని నీళ్లలో మూడు మిల్లీమీటర్ల సూటు వేసుకునేవాళ్లకు పది పన్నెండు కిలోలను తేల్చే జాకెట్ సరిపోతుంది. ఇంకా పెద్దది కొంటే నీళ్లలో అడ్డం తప్ప లాభం లేదు. సెంటర్లలో ఉండేవి బెల్టుకు వాడే ఒక కిలో, రెండు కిలోల సీసం దిమ్మలు, కాబట్టి అవి మీ జేబులో పట్టాలి. వీపు వైపు చిన్న జేబులున్న జాకెట్ దొరికితే అదే తీసుకోండి. వాటిలో రెండు కిలోలు వేస్తే కాళ్లు కిందికి వేలాడకుండా ఒళ్లు అడ్డంగా నిలుస్తుంది. వెనక జేబులు ఊడవు కాబట్టి అందులో కొంతే ఉంచి, మిగతాది ముందు జేబుల్లో పెట్టండి. ముందున్నది వదిలేస్తే నీళ్లపై తేలగలిగితే చాలు.

సీసం మొత్తం జాకెట్లోనే పెట్టడం అన్నిచోట్లా మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి మిడ్ మానేరులోనో, ధర్మపురి దగ్గర గోదావరిలోనో మునిగినవాళ్ల వెతుకులాటకు సాయపడాలని అనుకునేవాళ్లు ఇది తప్పకుండా వినాలి. రిజర్వాయరు అడుగున ముంపు ఊళ్ల గోడలుంటాయి, చెట్ల మొద్దులుంటాయి, చేపల వలలుంటాయి. బురదలో మూర దూరం కనబడదు. వల ట్యాంకుకు చిక్కుకుంటే జాకెట్ విప్పి విడిపించుకోవాల్సి వస్తుంది. సీసమంతా దానికే ఉంటే విప్పిన క్షణమే జాకెట్ కిందికీ, మీరు పైకీ పోతారు. మధ్యలో ఉండేది ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఒక్కటే. అక్కడ కనీసం సగం సీసం నడుముకు వేరే బెల్టుగా కట్టుకోండి. వెతుకులాట పనికి విడిగా శిక్షణ ఉంది. అది లేకుండా, తాడు పట్టుకునే మనిషి ఒడ్డున లేకుండా, ఎవరెంత బతిమాలినా దిగొద్దు. ఇది పైలం.

బోటు మీద పని చేసేవాళ్లు తమ నడుం గురించీ ఆలోచించాలి. ట్యాంకు, జాకెట్, రెగ్యులేటర్ కలిస్తేనే ఇరవై కిలోలు దాటుతుంది. దానికి ఆరు కిలోల సీసం తోడైతే ఆ బరువంతా నీళ్లలోంచి బోటు మీదికి గుంజేవాడి వీపు మీద పడుతుంది. జాకెట్లో గాలి నింపి, ముందు సీసం జేబులు అందించి, ఆ తర్వాతే కిట్టు అందించడం అలవాటు చేసుకోండి, టూరిస్టులకూ నేర్పండి.

బట్ట విషయంలో సిరిసిల్లవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసినవాళ్లకు డెనియర్, అంటే దారం మందం కొలత, తెలుసు. తేలిక రకం జాకెట్లు 420 డెనియర్ నైలాన్‌తో, రోజూ పనికి వాడే రకం 1000 డెనియర్ కార్డూరా బట్టతో వస్తాయి. డైవ్ సెంటర్ పనికి రెండోది తీసుకోండి. బట్ట ఎంత గట్టిదైనా గాలిని నిలిపేది లోపలి పూతే, అది చెడేది ఉప్పుతోనూ ఎండతోనూ. సీసం జేబు కింది కుట్టు తిరగేసి చూడండి. బరువంతా ఆగేది అక్కడే, కాబట్టి అడ్డకుట్టు రెండు వరసలు ఉండాలి. లేబుల్ మీద ఈఎన్ 1809 అని ఉందా చూసుకోండి, అది బీసీడీలకు యూరప్ ప్రమాణం. ఆ ముద్ర ఉన్నా అది లైఫ్ జాకెట్ కాదు, స్పృహ తప్పిన మనిషి మొహాన్ని నీళ్లపై నిలుపుతుందని భరోసా ఇవ్వదు.

జాకెట్‌ను ఇంటికి తెచ్చుకునేవాళ్లు సీసం మోసుకురావద్దు. పని జాకెట్ మూడు నాలుగు కిలోలు తూగుతుంది, శంషాబాద్ విమానం లగేజీలో అదే చాలా చోటు తీసుకుంటుంది. విశాఖ రుషికొండలో డైవు చేయించేవాళ్ల దగ్గర సీసం దొరుకుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మొహమాటపడొద్దు. జాకెట్ గట్టిగా ఉబ్బేదాకా గాలి నింపి ఒక రాత్రి పక్కన పెట్టండి, తెల్లారేసరికి మెత్తబడితే తిరిగి ఇచ్చేయండి. లోపల నీళ్లు పోసి ఊపి కుమ్మరిస్తే ఉప్పు పెచ్చులు రాలకూడదు. జాకెట్లోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదలగానే గాలి ఆగాలి. అది ఇరుక్కుపోతే జాకెట్ దానంతటదే నిండి మనిషిని పైకి లాక్కుపోతుంది. సీసం జేబులు రెండూ అదే మోడల్‌వై ఉండాలి, ఒకటి పోగొట్టుకుని వేరే కంపెనీది ఇరికించినవి బేరానికి వస్తుంటాయి. కొన్నాక ఏడాదికోసారి ఇన్‌ఫ్లేటర్ సర్వీసు చేయించండి, ప్రతి డైవు తర్వాత లోపలా బయటా మంచినీళ్లతో కడిగి, సగం గాలితో నీడలో ఆరబెట్టండి.