ఆహారం – లైంగిక హార్మోనులు – ప్రేగులలోని బాక్టీరియా

హార్మోన్ అనే మాటను 1905లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్టార్లింగ్ వాడుకలోనికి తెచ్చినాడు. ప్రేరేపించుట అనే అర్థం గల గ్రీకు ధాతువు దానికి మూలం. అంతకు ముందు 1902లో ఆయన, విలియం బేలిస్ అనే సహచరునితో కలిసి కనుగొన్న సిక్రిటిన్ చిన్నప్రేగులో పుట్టే పదార్థం. అనగా ఈ మాట పుట్టుకకే ప్రేగుతో సంబంధం ఉన్నది. భాష బోధించేవానికి ఈ సంగతులతో పనియేమని విజ్ఞానశాస్త్ర శాఖలోని మిత్రులు నవ్వవచ్చు గాని, మన విద్యార్థినీ విద్యార్థులందరూ తెలుసుకోదగినది ఇందులో కొంత ఉన్నది.

ఒక మనిషి దేహంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో ప్రచురింపబడిన ఒక అంచనా. మన స్వంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. ఆ బాక్టీరియాలో అత్యధిక భాగం పెద్దప్రేగులో నివసిస్తుంది. మనం తినేదే వాటికీ ఆహారం. ధాన్యపు పొట్టులో, పప్పులలో, ఆకుకూరలలో ఉండే పీచును మన జీర్ణరసాలు కరిగించలేవు. పెద్దప్రేగు చేరిన ఆ పీచును బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లపదార్థాలను తయారుచేస్తాయి. పెద్దప్రేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం ఈ బ్యుటిరేటే.

ఆహారాన్ని బట్టి ఈ బాక్టీరియా సమూహం ఎంత మారుతుందో చూడండి. ఆఫ్రికాలోని బుర్కీనా ఫాసో గ్రామపు పిల్లలను, ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరపు పిల్లలను పోల్చిన పరిశోధన ఒకటి 2010లో వెలువడినది. చిరుధాన్యాలు, జొన్నలు, అలసందలు తినే ఆఫ్రికా పిల్లల ప్రేగులలో పీచును విడగొట్టగల ప్రివొటెల్లా అనే బాక్టీరియా సమృద్ధిగా కనిపించినది; ఇటలీ పిల్లలలో ఆ సమృద్ధి లేదు. ఆ పంటలు తెలంగాణ మెట్టభూములకు క్రొత్తవి కావు. మార్పుకు సంవత్సరాలు కూడా అక్కరలేదు. అమెరికాలో పదిమందికి ఐదేసి రోజులు మాంసాహారం ఒకసారి, శాకాహారం ఒకసారి పెట్టి చూచినారు. మాంసం, గ్రుడ్లు, చీజు ప్రేగు చేరిన ఒక్క దినంలోనే బాక్టీరియా అమరిక మారిపోయినదని 2014లో తెలిపినారు.

హార్మోనుల సంగతి మరింత విచిత్రమైనది. మొదటి రకం మధుమేహం సహజంగా వచ్చే ఒక జాతి చిట్టెలుకలలో ఆ వ్యాధి ఆడవాటికే ఎక్కువ. బాక్టీరియా బొత్తిగా లేకుండా పెంచినప్పుడు ఈ భేదం కనిపించలేదు. ఎదిగిన మగ ఎలుకల ప్రేగులలోని బాక్టీరియాను పసి ఆడ ఎలుకలకు ఎక్కించగా, వాటి రక్తంలో పురుష హార్మోనైన టెస్టోస్టిరోన్ పెరిగినది, వ్యాధి తగ్గినది. ఆ హార్మోను పనిని అడ్డగించినప్పుడు రక్షణ కూడా సడలినది. ఇది 2013 నాటి ఫలితం. అదే సంవత్సరంలో వేరొక బృందం, వృషణాలు తొలగించిన మగ ఎలుకల బాక్టీరియా ఆడవాటి బాక్టీరియాను పోలి ఉంటుందని చూపినది. కావున హార్మోను బాక్టీరియాను మారుస్తుంది, బాక్టీరియా హార్మోనునూ మారుస్తుంది.

స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజన్ విషయంలో దారి స్పష్టంగా తెలిసినది. కాలేయం దానిని మరొక పదార్థంతో జతచేసి పైత్యరసంతో ప్రేగులోనికి పంపుతుంది. అక్కడ కొన్ని బాక్టీరియా తమ ఎంజైముతో ఆ జతను విడదీస్తాయి. విడిపడిన ఈస్ట్రోజన్ కొంత తిరిగి రక్తంలో చేరుతుంది. సోయా చిక్కుడులోని ఒక పదార్థాన్ని ఈస్ట్రోజన్‌ను పోలిన ఈక్వాల్‌గా మార్చగల బాక్టీరియా కొందరిలోనే ఉంటుంది. ఒకే గింజ తిన్న ఇద్దరికి ఒకే ఫలితం కలుగదన్నమాట.

ఒకే ఆహారం ఆడ, మగ జీవులలో వేర్వేరు మార్పులు తెస్తుందని స్టికిల్‌బ్యాక్, పెర్చ్ అనే రెండు జాతుల చేపలలో 2014లో చూపినారు. మనుషులలోనూ అటువంటి సూచనలు కనిపించినవి గాని, ప్రయోగశాల ఎలుకలలో అంత స్పష్టంగా లేవు. చేపకు, ఎలుకకు నిజమైనది మనిషికీ నిజమని తొందరపడి అనడం నాకు సమ్మతం కాదు.

అయితే చాలాకాలం అనేక ప్రయోగాలు మగ జంతువులపైనే జరిగినవి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఆర్థికసహాయం కోరే పరిశోధకులు ఆడ, మగ భేదాన్ని లెక్కలోనికి తీసుకోవాలని 2016 నుండి నియమం పెట్టినవి. మనకు మరొక చిక్కు కూడా ఉన్నది. చాలా ఇండ్లలో అందరూ తిన్న తరువాత మిగిలినదే స్త్రీల భోజనం. కూరలో ముక్కలు అయిపోయి పులుసు మిగులుతుంది, అన్నం మాత్రం ఉంటుంది. ఆ ఇంటి వంటను చూచి ఆమె ఆహారాన్ని లెక్కకట్టలేము. స్త్రీపురుష భేదంలో హార్మోను పాలెంతో, పళ్ళెం పాలెంతో తేల్చదలచిన పరిశోధకుడు మన ప్రాంతానికి వస్తే, ఎవరి పళ్ళెంలో ఏమి పడినదో విడివిడిగా వ్రాసుకోవలసి ఉంటుంది.