నాన్న ఆపరేషన్‌కు 401(కె) సొమ్ము తీయవచ్చా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉద్యోగం, వయసు 38. గుంటూరులో నాన్నగారికి బైపాస్ చేయాలన్నారు. 401(కె) నుంచి 20,000 డాలర్లు తీస్తే హార్డ్‌షిప్ కింద పెనాల్టీ ఉండదంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలామంది పొరపడేది ఇక్కడే. హార్డ్‌షిప్ అంటే డబ్బు తీసుకోవడానికి మీ ప్లాన్ ఇచ్చే అనుమతి మాత్రమే. పెనాల్టీ మాఫీ వేరే లెక్క. 59½ ఏళ్లు నిండకుండా తీస్తే మామూలు పన్నుపై మరో 10 శాతం పడుతుంది. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే పన్ను 4,400, పెనాల్టీ 2,000. చేతికి మిగిలేది 13,600.

వైద్య ఖర్చులకు మినహాయింపు లేకపోలేదు. సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 7.5 శాతం దాటిన మేరకు పెనాల్టీ పడదు. అయితే ఆ ఖర్చు మీది, మీ భార్యది, లేదా పన్ను చట్టం ప్రకారం మీపై ఆధారపడినవారిది కావాలి. భారత పౌరుడిగా గుంటూరులోనే ఉంటున్న తండ్రి ఆ లెక్కలోకి రారు, ఖర్చంతా మీరే భరించినా సరే. అన్యాయంగానే ఉంటుంది, కానీ చట్టం అంతే.

మీ ప్లాన్‌లో అప్పు సదుపాయం ఉందేమో ముందు కనుక్కోండి. మీకు పూర్తిగా దఖలుపడిన నిల్వలో సగం వరకు, గరిష్ఠంగా 50,000 డాలర్లు ఇస్తారు. పన్నూ లేదు, పెనాల్టీ లేదు. వడ్డీ మీ ఖాతాకే చేరుతుంది. అయిదేళ్లలో తీర్చాలి. మధ్యలో ఉద్యోగం మానేస్తే మాత్రం బాకీని విత్‌డ్రాయల్‌గా లెక్కగట్టే ప్రమాదం ఉంది.