అందరికీ ఒకటే కాలవ

సంగం దగ్గర పెన్నానదికి ఆనకట్ట ఉంది. 2022లో కొత్త బ్యారేజీ కూడా వచ్చింది. అక్కడి నుంచి నీరు కాలవలకు పోతుంది. కాలవ కింద పెద్ద రైతు ఉంటాడు. అరెకరం రైతూ ఉంటాడు. లస్కరు పెద్ద రైతుతో మాట్లాడుకొని, చిన్న రైతు తూము మూసేశాడనుకోండి. ఊరుకుంటామా? ఊరుకోము.

ఫోనులో వచ్చే ఇంటర్నెట్టు కూడా కాలవలాంటిదే.

సంగంలో ఒక అక్క పచ్చళ్లు పెట్టి అమ్ముతుందనుకుందాం. ఆవకాయ, గోంగూర, నిమ్మకాయ. ఫోటోలు తీసి ఇంటర్నెట్టులో తన చిన్న దుకాణంలో పెడుతుంది. నెల్లూరు వాళ్లు, హైదరాబాదు వాళ్లు చూసి కొంటారు. ఒకరోజు పక్కింటి అమ్మాయి వచ్చింది.

"అక్కా, ఫోను కంపెనీ కొత్త పథకం తెచ్చిందంట. కొన్ని దుకాణాలు చూస్తే డబ్బులు పడవంట!"

"మంచిదే గదమ్మా. అందులో నా దుకాణం ఉందా?"

"లేదక్కా. పెద్ద పచ్చళ్ల కంపెనీది ఉంది. నీది చూడాలంటే డబ్బులు పడతాయంట."

"అట్టయితే నా పచ్చడి ఎవరు చూస్తారే?"

పచ్చడి రుచి మారలేదు. ధర మారలేదు. దారి మాత్రం మారిపోయింది.

ఈ అక్క కథ మనం అనుకున్నదే. కాని ఇలాంటి పథకం నిజంగానే వచ్చింది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి దాన్ని తెచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో సహా ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టాయి. తరువాత దానికి 'ఫ్రీ బేసిక్స్' అని పేరు పెట్టారు. అందులో కొన్ని సైట్లు ఉచితం. మిగతావాటికి డబ్బు కట్టాలి.

"పేదవాళ్లకు ఇంటర్నెట్టు అందుతుంది" అని కంపెనీ చెప్పింది. చేతిలో డబ్బు లేనివారికి అది మంచి మాటే. కాని అందులో ఎవరు చేరాలో చెప్పే షరతులు ఎవరివి? కంపెనీవే.

ఫోను కంపెనీలకు నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ పేరు ట్రాయ్. అది ప్రజల అభిప్రాయం అడిగింది. లక్షలమంది తమ మాట రాసి పంపారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నియమం పెట్టింది. ఏ సైటు చూసినా కంపెనీ ఒకే లెక్కన డబ్బు తీసుకోవాలి. తేడా చూపితే రోజుకు 50 వేల రూపాయల జరిమానా. అది 50 లక్షల దాకా పోవచ్చు. ఆ నెలలోనే ఫ్రీ బేసిక్స్ మన దేశంలో ఆగిపోయింది.

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇంకో మాట ఒప్పుకుంది. డబ్బిచ్చిన వారి సైటును వేగంగా, ఇవ్వని వారి సైటును నిదానంగా పంపకూడదు. దీన్నే 'నెట్ న్యూట్రాలిటీ' అంటారు. అంటే ఇంటర్నెట్టులో అందరికీ సమానమైన దారి.

ఈ నియమం ఉంటే పచ్చళ్లు వాటంతట అవే అమ్ముడుపోవు. నీళ్లు వచ్చినా సేద్యం మనమే చేయాలి గదా! రుచి, శుభ్రం, చెప్పిన రోజుకు పంపడం మన పని. తూము మూయకుండా చూడడం నియమం పని.

అందుకే ఎవరైనా 'ఉచితం' అంటే అడగండి. ఖర్చు ఎవరు పెడుతున్నారు? మనకు ఏమి ఇస్తున్నారు? ఏమి ఇవ్వడం లేదు?

మాట్లాడుకోండి:
1. మీ ఊళ్లో ఫోను ద్వారా ఏయే వస్తువులు అమ్ముతున్నారు?
2. ఉచిత పథకంలో అక్క దుకాణం లేకపోతే ఎవరికి లాభం? ఎవరికి నష్టం?

రాయండి:
ట్రాయ్ మిమ్మల్ని అభిప్రాయం అడిగితే ఏమని రాస్తారు? మూడు వాక్యాలు రాయండి.